తూకానికి పెట్టిన నెయ్యి

ఇప్పటికీ ఎవరన్న వేళ్లకంటిన నెయ్యి నాకుతుంటే నేను మొకం తిప్పుకుంట. గా తూకం సారే యాదికొస్తడు.

గడ్‌చాందూర్ దుకాండ్లల్ల రంగు టీవీలు కొత్తగ దిగిన రోజులవి. దేశంల ఎవరేం తింటుండ్రో చూసి, ఇగ ఏం తినాల్నో సర్కారు చెప్తదంట. దానికోసం ఒక సారు జీపుల తక్కెడేసుకొని మహారాష్ట్రల ఉన్న మా తెలుగోళ్ల ఊరికొచ్చిండు. ఆయనకు తెలుగు రాదు, మా అమ్మకు మరాఠీ అంతంతే. మరాఠీ బడికి పోయే పిల్లనని నన్ను నడుమ కూసోబెట్టిండ్రు.

మా ఇంట్ల దినాం జొన్న రవ్వ ఉడికేసిన గట్క, మిరప కారం. అప్పుడు మా వదినకు ఆరో నెల. లేస్తే కండ్లు తిరిగి గోడ పట్టుకునేది. మా తిండి చూసినంకనన్న సారు ఆమెకేదన్న దారి చూపిస్తడని నా ఆశ.

కని మావోళ్లకు ఇజ్జత్ అడ్డమొచ్చింది. పరాయి మనిషికి గట్క ఎట్ల చూపిస్తమని అమ్మ పక్కింట్ల బియ్యం, నెయ్యి అడిగి తెచ్చి అన్నం పప్పు వండింది. గట్క కుండను మంచం కింద దాసింది. ఊరంత అదే పని చేసింది.

సారు అన్నం తూచిండు, పప్పు తూచిండు, నెయ్యి గిన్నె గూడ తూచిండు. ఇంట్ల ఎందరున్నరో అడిగి అందరికీ సమానంగ పంచి రాసుకున్నడు.

"సార్, ఇది మీకోసం వండింది. దినాం ఉండదు" అని మరాఠీల చెప్పిన. అమ్మకు సమజై నా తొడ గిల్లింది.

"నేను కండ్లతోని చూసిందే రాస్త పాపా" అని నవ్విండు సారు. పీట మీద కూసొని, తూచిన నెయ్యే పోసుకొని తిని, వేళ్లు ఒక్కొక్కటే నాకిండు. తిండికి మీ దిక్కు ఫికర్ లేదన్నడు. థూ, ఏం చదువో.

మా దగ్గర కోడలు అందరి ఎనక తింటది. జీపు పోయి, మేమందరం ఆ నెయ్యన్నం తిన్నంక గిన్నెలల్ల ఏం మిగల్లే. వదిన మంచం కింది కుండ గుంజుకొని అడుగంటిన గట్క గీక్కొని తిన్నది. దాన్నెవరు తూచిండ్రు? సారు మీద ఎంత రోత పుట్టిందో, మా ఇంటి ఇజ్జత్ మీద గూడ అంతే పుట్టింది. వదినకు పిల్ల పిడికెడంత పుట్టింది.

కొన్నేండ్లకు వదిన రెండో కాన్పుకు దవాఖానకు తోలుకపోయిన. గోడకు ఏం తినాల్నో చెప్పే బొమ్మల కాయితం కొత్తగ అంటించి ఉన్నది. నర్సు అది చూపించి, సర్కారు లెక్కల మీ దిక్కోళ్లు నెయ్యి ఎక్కువ తింటున్నరంట, తగ్గించుండ్రి అన్నది మరాఠీల.

"ఏమంటున్నది?" అని వదిన అడిగింది. చెప్పబుద్ధి కాకున్నా చెప్పిన.

వదిన ఆ బొమ్మల కాయితం దిక్కు చూసింది.

"గా దినం నెయ్యి నువ్వు తిన్నవు గద," అన్నది. "ఎట్లుండె?"