చౌటినీళ్లతో కట్టిన కమాను

ఓవర్సీయరు గారు పోయారు. ఆదోనికి పోయి వచ్చిన మా తమ్ముడి కొడుకు, తలకు చుట్టిన తువ్వాల విప్పకుండానే నా దగ్గరికి వచ్చి చెప్పాడు. "పెద్దనాయనా, మీ ఓవర్సీయరు సామి పోయినాడంట. మొన్న బేస్తవారం. జొరం తగిలి మూడు దినాలు కూడా పండుకోలేదంట."

ఆ దినం అన్నం ముట్టలేదని రాస్తే అబద్ధం అవుతుంది. తిన్నాను. తినేటప్పుడు చెంబు ఎత్తి, నీళ్లు తాగబోయే ముందు నాలుక చివర తగిలించి చూసుకున్నాను. చూసుకున్నానని తెలిసి నాకే నవ్వొచ్చింది. అది ఆయన అలవాటు. నాకు ఎప్పుడు అంటుకుందో తెలియదు.

నా చదువు ఊరి బడిలో నాలుగో పుస్తకం వరకే. తాపీ పట్టుకున్న చేతితో రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆయన గురించి పది మందికీ చెప్పాలని ఉంది. నోటితో చెప్పమంటే నాకు చేతకాదు, అందుకే కాగితం పట్టుకున్నాను.

మా తాలూకా బళ్లారి జిల్లాను విడిచి కర్నూలు జిల్లాలో చేరిన మరుసటి ఏడు, గోనెగండ్ల నుంచి ఎమ్మిగనూరు వచ్చే బాటలో ఒక వంక మీద వారధి మొదలైంది. ఆ వంక ఏడాదిలో పదకొండు నెలలు ఇసుకే. మిగిలిన నెలలో ఎప్పుడు వస్తుందో చెప్పలేము. పైన యాడో వాన పడితే ఈడ ఎండలోనే ఎర్రటి నీళ్లు మనిషెత్తున దూకుతాయి. బండ్లు పోయాయి, ఎద్దులు పోయాయి, కూలికి పోయి వస్తున్న మనుషులూ పోయారు. అందుకే వారధి వస్తోందంటే చుట్టుపక్కల పల్లెల్లో తిరునాళ్లంత సంబరం. మూడు కమాన్ల రాతి కట్టుబడి. నేను పెద్ద మేస్త్రీని.

ఓవర్సీయరు గారు మొదటి దినం సైకిలు మీద వచ్చారు. నాకంటే పదిహేనేళ్లు చిన్న. చొక్కా జేబులో ఒక ఇనుప మేకు, నెత్తిన ఎండకు రంగు పోయిన టోపీ. దిగీ దిగగానే పునాది అడగలేదు, రాళ్లు అడగలేదు. ఇసుకా సున్నం కలిపి నూరే గానుగ దగ్గరున్న నీళ్ల తొట్టిలో చెయ్యి ముంచి, దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుకతో చూశారు. కూలీ ఆడవాళ్లు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

"నవ్వండమ్మా, నవ్వండి. ఈ నీళ్లు యాడివి?"

"పల్లె మంచినీళ్ల బావివి సామీ," అన్నాను.

"దీంతోనే కలపల్ల. చౌటి బావి నీళ్లు ఒక్క చుక్క పడినా సున్నం గట్టిపడదు. ఏమప్పా, తెలుసు కదా?"

తెలుసు. ఎవరికి తెలియదు? ఈ ఎర్రమన్నూ నల్లమన్నూ కలిసే చోట పది బావులు తవ్వితే ఏడెనిమిది చౌటివే. బట్టలుతికితే సబ్బు నురగ రాదు. వాటితో కట్టిన గోడ ఎండాకాలం తెల్లగా ఉప్పు పూసి, వానాకాలం చెమర్చి, మూడో ఏటికి పెచ్చులూడుతుంది.

ఆ దినం నుంచి ప్రతి పొద్దునా ఆయన తొట్టి దగ్గరే మొదలు. నీళ్లు చూసేవారు. కలిపిన సున్నం చిటికెడు తీసి అదీ చూసేవారు. మేకుతో రాళ్ల సందులు గీకేవారు. ఆడవాళ్లు "నాలిక సామి వచ్చినాడు" అని పేరు పెట్టారు. అది ఆయన చెవిన పడింది. "నాలిక ఒక్కటే కాదమ్మా, ముక్కూ ఉంది. యాడనో వంకాయ పులుసు వాసన వస్తాంది, ఎవురి గంపలో ఉండాదో సెప్పండి," అన్నారు. అంతే, పని దగ్గర నవ్వులే నవ్వులు. అట్లాంటి మనిషి కింద పని చేస్తే రాయి బరువు తెలిసేది కాదు.

ఇప్పుడు నా తప్పు రాయాలి.

ఉగాది వెళ్లాక ఎండలు ముదిరాయి. పల్లె మంచినీళ్ల బావి అడుగంటింది. ఆడవాళ్లు కోడి కూయక ముందే వచ్చి బావిలోకి దిగి, ఊరిన నీళ్లను చిప్పతో తోడి కడవలో పోసుకునేవారు. కడవ నిండటానికి పొద్దెక్కేది. అదే బావి నుంచి నేను పీపాలతో తెప్పించి సున్నంలో పోయిస్తున్నాను. ఒక ముసలవ్వ ఖాళీ కడవ పట్టుకుని గానుగ దగ్గరికి వచ్చి నిలబడింది. తిట్టలేదు, అడగలేదు. తొట్టిలోకి చూసి వెళ్లిపోయింది.

అదే సమయానికి ఓవర్సీయరు గారికి ఆదోనిలో వేరే పని పడి నాలుగు దినాలు రాలేదు. ఆ నాలుగు దినాలూ నేను చౌటి బావి నీళ్లు వాడాను. మనుషుల గొంతులో పోయాల్సినవి రాళ్ల సందుల్లో పోయడానికి మనసు రాలేదు. నాలుగు దినాలే కదా, సున్నం కొంచెం ఎక్కువ వేస్తే సరిపోతుందని నాకు నేనే చెప్పుకున్నాను. నడిమి కమాను పైభాగమంతా ఆ నాలుగు దినాల్లోనే లేచింది. ఐదో దినం ఆయన వచ్చేసరికి తొట్టిలో మంచినీళ్లు పోయించి పెట్టాను. ఆయన నీళ్లు చూసి, "బాగుండాయి" అన్నారు. నన్ను నమ్మి, ఆ దినం మేకు బయటికి తీయలేదు. కట్టుబడి సరిగా ఉందని, గడువు దినాలు కాగానే కమాన్ల కింది కొయ్యలు తీయవచ్చని రాసి, సంతకం పెట్టి పంపారు.

కొయ్యలంటే, కమాను కట్టేటప్పుడు రాళ్లు పడిపోకుండా కింద నిలబెట్టే దూలాలు, పలకలు. సున్నం గట్టిపడ్డాక వాటిని తీస్తే కమాను తన బలంతో తాను నిలబడాలి.

కొయ్యలు తీసే దినానికి పెద్ద ఇంజనీరు గారు వస్తున్నారని కబురు వచ్చింది. గుత్తేదారు తోరణాలు తెప్పించాడు. పల్లెల వాళ్లు తప్పెట్లు బిగించుకుంటున్నారు. నేను మాత్రం పొద్దున్నే అందరికంటే ముందు పోయి, నడిమి కమాను సందుల్లో పూసిన తెల్లటి ఉప్పును గోనెపట్టాతో తుడిచేవాణ్ని. తుడిచిన మరుసటి దినం మళ్లీ పూసేది. తుడవడానికి పోయినప్పుడు ఒక సందులో వేలు నొక్కి చూశాను. సున్నం తడిగా దిగబడింది.

రేపు కొయ్యలు తీస్తారనగా, మధ్యాహ్నం కూలీలందరూ నడిమి కమాను నీడలో కూర్చుని సంగటి తింటున్నారు. పిల్లతల్లి ఒకామె కొయ్య దూలానికే చీర ఉయ్యాల కట్టి బిడ్డను ఊపుతోంది. అది చూశాక నేను కూర్చోలేకపోయాను. ఓవర్సీయరు గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. దగ్గరికి పోయాను. నోరు తెరిచాను, మాట రాలేదు. మళ్లీ కిందికి దిగి, నడిమి కమాను సందులో నుంచి సున్నం చిటికెడు గీకి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను.

ఆయన నా మొహం చూశారు. నాలుకకు తగిలించారు.

"ఎన్ని దినాలు?"

"నాలుగు సామీ."

"నేను లేని నాలుగా?"

"ఆ."

"మంచినీళ్లు యాడికి పోయినాయి?"

"పల్లెలో తాగినారు సామీ."

ఆయన ముందు చేసిన పని నా మీద కేకలు వేయడం కాదు. కమాను వైపు తిరిగి, "అందురూ లేయండి! సద్దిమూటలు తీసుకోని బయటికి రండి! ఆ బిడ్డను ఎత్తుకోమ్మా, ఎత్తుకో!" అని అరిచారు. అందరూ బయటికి వచ్చాక, చివరి మనిషిని కళ్లతో చూసుకున్నాక, అప్పుడు నా వైపు తిరిగారు.

"నాకొక మాట సెప్పింటే ఎమ్మిగనూరు నుంచి పీపాల బండ్లు తెప్పించేవాణ్ని కదప్పా! నోరు లేదా నీకు? దేవుడు నీకు చేతులిచ్చి నోరు మర్సిపోయినాడా?"

గుత్తేదారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. "సామీ, రేపు పెద్దాయన వస్తాడు. మీ సంతకం పైకి పోయిందాయె. పైన గట్టిగా సున్నం పూయిస్తా. ఎవురు నాలిక పెట్టి సూస్తారు?"

"బండి ఎక్కేటోడు సూడడు. అందుకే కదా నేను సూడల్ల," అన్నారు ఓవర్సీయరు గారు.

ఆ సాయంత్రమే రాళ్ల కుప్ప మీద కూర్చుని పెద్ద ఇంజనీరు గారికి కాగితం రాశారు. రాసింది నాకు చదివి వినిపించారు. "నడిమి కమాను పనికిరాదు, నేను చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాది, కూల్చి మళ్లీ కట్టిస్తాను." అంతే ఉంది. నా ఊసు లేదు.

"నా పేరు రాయండి సామీ," అన్నాను. ఆ దినం ఎవరూ అడక్కుండా నేను ఆడిన మాట అదొక్కటే.

"నువ్వు నాలుగు దినాలు తప్పు చేస్తివి. నేను ఒక్కసారి నమ్మి తప్పు చేసినాను. జనం నీ మాట నమ్మి వారధి ఎక్కరప్పా. నా సంతకం నమ్మి ఎక్కుతారు." కాగితం మడిచి, సైకిలు ఎక్కి, తానే తీసుకుని పోయారు.

మరునాడు తోరణాలు అట్లే ఉన్నాయి. చూడడానికి వచ్చిన జనం గట్ల నిండా ఉన్నారు. పెద్ద ఇంజనీరు గారి ఒప్పుదలతో, వారధి తెరవడానికి బదులు కూల్చడం మొదలైంది. పక్క కమాన్లకు ఊతాలు బిగించాక, నడినెత్తిన బిగించిన రాయిని మొదట నేనే తీయాలన్నారు ఓవర్సీయరు గారు. గునపం తీసుకుని పైకి ఎక్కాను. గునపం అక్కర లేకపోయింది. రాయి చుట్టూ ఉన్న సున్నం వేళ్లతోనే వచ్చింది. రాయిని అటూ ఇటూ కదిపితే పాలపన్ను ఊడినట్టు చేతిలోకి వచ్చింది. గట్ల మీద జనమంతా మెడలు సాచి ఆ రాయి వైపే చూశారు. గుత్తేదారు కూడా. ఆ ఉయ్యాల తల్లి బిడ్డను గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత పని జరిగిన తీరు తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు ఝల్లుమంటుంది. ఎమ్మిగనూరు నుంచి పీపాల బండ్లు వరుసగా వచ్చేవి. పల్లెకు రెండు పీపాలు పోశాకనే గానుగకు పోయాలని ఓవర్సీయరు గారి కట్టడి. ఆడవాళ్లు పీపాల చుట్టూ మూగి, "ముందు నువ్వు సూడు నాలిక సామీ, తీపిగుంటేనే మేము పట్టుకుంటాము" అని ఏడిపించేవాళ్లు. ఆయన నిజంగానే ప్రతి పీపా చూసేవారు. వంక వచ్చే లోపల కమాను లేవాలి, గట్టిపడాలి, కొయ్యలు తీయాలి. పడమర మబ్బు కనిపిస్తే అందరి గుండెలూ దడదడ. "ఇంక తీద్దాం సామీ" అని గుత్తేదారు దినం ఒకసారి మొత్తుకునేవాడు. ఆయన మేకుతో సందు గీకి, "ఇంకా కాలేదు" అనేవారు. చివరికి ఒక పొద్దున మేకు గీకితే కిర్రుమంది. నా జన్మలో అంత మంచి చప్పుడు వినలేదు.

కొయ్యలు తీసిన పదో దినం వంక వచ్చింది. మిట్టమధ్యాహ్నం, మా మీద చినుకు లేదు. ఎర్రటి నీళ్లు నురుగు కక్కుకుంటూ, తుమ్మచెట్లు పెరుక్కుంటూ వచ్చి కమాన్లను గుద్దాయి. పల్లెలన్నీ గట్టుకు పరుగెత్తాయి. సంగటి కుండలు పొయ్యి మీదే వదిలేసి వచ్చారు. అవతలి గట్టున బండ్లు ఆగిపోయాయి. ఇద్దరు ముగ్గురు వారధి మీదికి దూకబోయారు. ఓవర్సీయరు గారు చేతులు బారచాపి అడ్డం నిలబడ్డారు.

"ఎవ్వురూ ఎక్కొద్దు! నేను సూసి సెప్పేదాకా ఎవ్వురూ ఎక్కొద్దు!"

"ఏం సామీ, నీ వారధిని నువ్వే నమ్మవా?" అని ఎవరో అరిచారు. జనమంతా గొల్లుమన్నారు.

"నమ్మితే సూడద్దా?" అని ఆయనా అరిచారు.

ఒక్కరే వారధి మీదికి పోయారు. బోర్లా పడుకుని తల కిందికి వేలాడేసి కమాన్ల లోపలికి చూశారు. ఇటు చూశారు, అటు చూశారు. టోపీ నీళ్లలో పడి కొట్టుకుపోయింది. ఆయన లేచి, రెండు చేతులూ పైకెత్తి ఊపారు. అంతే! తప్పెట్లు మోగాయి, బండ్లు కదిలాయి, ఎద్దుల మెడ గంటలూ మనుషుల అరుపులూ వంక హోరులో కలిసిపోయాయి. నేనూ అరిచానట. నాకు గుర్తులేదు, చూసినవాళ్లు చెప్పారు.

ఆ మరుసటి ఏడు ఆయనకు రావలసిన పై ఉద్యోగం రాలేదు. తుగ్గలి వైపు చిన్న బాటల పనికి పంపారు. మనసు ఆగక ఒకసారి పోయి కలిశాను. "నా వల్లనే కదా సామీ" అన్నాను. "ఏంది నీ వల్ల? తుగ్గలి కాడ వంకలు లేవనుకుంటివా?" అని నా చెయ్యి పట్టుకుని, ఎర్రటి ఎండలో మైలు దూరం నడిపించుకుని పోయి, బాట కింద నీళ్లు పోయే, రెండు గొడ్లు మాత్రమే పట్టేంత చిన్న మోరీ చూపించారు. దాని కింద దూరి, మేకుతో గీకి, "ఇను, ఇను!" అన్నారు. ఆ మొహంలో సంబరం చూసి నేను తెచ్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

మా తమ్ముడి కొడుకు కబురు చెప్పిన మరునాడు నేను వారధి దగ్గరికి పోయాను. నడిమి కమాను దగ్గర పిట్టగోడ మీద కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. గోనెగండ్ల వైపు నుంచి పత్తి బండి ఒకటి వచ్చింది. బండి మీద మనిషి పత్తి నింపిన గోనె బోరేల మీద వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. కబురు చెబుదామని లేచి నిలబడ్డాను. ఆ నిద్ర చూసి పిలవలేకపోయాను. ఎద్దులు వాటి పాటికి అవి నడిచాయి. చక్రాలు నడిమి కమాను మీదికి ఎక్కి, దిగి, ఎమ్మిగనూరు వైపు తిరిగాయి. ఆ మనిషి చెయ్యి ఒకటి బోరే మీద నుంచి జారి గాలిలో ఊగుతూ ఉంది. అతను నిద్ర లేవలేదు.