జానెడు ఎక్కువ నాడా

మొన్నటి వానల్లో మా వంటింట్లో గంజి ఒలికింది. పనమ్మాయి తుడిచిన గుడ్డను మూలకు వేసి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి గుప్పున పులిసిన గంజి వాసన. ఎవరైనా ముక్కు మూసుకోవలసిన వాసన అది. నేను మాత్రం ఇంకోసారి గట్టిగా పీల్చాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని, గరిట చేత్తో పట్టుకుని, ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. ఆ వాసన వెంట తొంభై నాలుగు డిసెంబరు వచ్చింది. దాని వెనకే, చీర మీద తెల్లచుక్కల ఎర్ర ఏప్రన్ కట్టుకుని, కనకవల్లి అక్క వచ్చింది.

అంతకు ముందు నేను మద్రాసు పురసవాక్కంలో ఒక జవుళి కొట్టులో పదహారేళ్ళు లెక్కలు రాశాను. అన్నదమ్ములు విడిపోయి ఆ కొట్టు మూతపడడంతో తొంభై మూడులో ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడం నాకు చేతకాని పని. పప్పుల డబ్బాల మీద కొన్న తేదీలు రాసి అంటించాను. మా ఆయన చొక్కాలకు గుండీల మధ్య ఎడం సమంగా లేదని అన్నీ విప్పి మళ్ళీ కుట్టాను. ఆయన మేముండే పెరంబూరులోనే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. "నీకు తొందరగా ఒక ఉద్యోగం దొరక్కపోతే నన్ను కూడా ఫైలు చేసి బీరువాలో పెట్టేస్తావు" అని మొత్తుకునేవారు. అలాంటి రోజుల్లో రవికెలు వదులు చేయించుకోవడానికి మా వెనక వీధిలో ఉన్న కనకవల్లి అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె తండ్రి రైల్వే వర్కుషాపులో పనిచేసిన మనిషి. ఆమె పుట్టింది, పెరిగింది, పెళ్ళయి భర్తను పోగొట్టుకున్నది అంతా పెరంబూరులోనే. పిల్లలు లేరు. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని రవికెలు కుడుతూ బతికేది. మనిషి పొడుగు, గొంతు పెద్దది, చేతులు ఇంకా పెద్దవి.

నేను వెళ్ళిన రోజున గోడకున్న కొక్కేనికి ఒక వింత బట్ట వేలాడుతోంది. ఎర్ర పాప్లిన్ మీద తెల్లచుక్కలు, ఛాతీ మీదికి గుండె ఆకారంలో ఒక ముక్క, చుట్టూ తెల్లటి కుచ్చు, ఒక చిన్న జేబు. రంగు వెలిసింది గానీ ఠీవి పోలేదు.

"ఇదేమిటక్కా, పిల్లల గౌనా?" అని అడిగాను.

"గౌను కాదుమే, ఏప్రన్. మా రైల్వే క్వార్టర్సులో పక్కింటి ఆంగ్లో ఇండియన్ డాలీ ఆంటీది. వాళ్ళు ఆస్ట్రేలియాకి పోతా నాకు ఇచ్చి పోయింది" అంది. ఆ తర్వాత మిషను ఆపి, ఆ ఆంటీ ఎలా ఉండేదో లేచి నిలబడి చూపించింది. "రేడియో పెట్టుకోని, ఇది కట్టుకోని, కేకు పిండి కలపతా ఆడనే డాన్సు ఆడేది. మా అమ్మ చినిగిన చీర కట్టుకోని పొయ్యి ముందర కూర్చోనేది. ఇద్దురూ వంట చేసేవాళ్ళే కదామే? మన ఆడోళ్ళు పెండ్లికి సింగారించుకుంటారు, గుడికి సింగారించుకుంటారు. దినానికి మూడు తూర్లు పోయే వంటింటికి మాత్రం చినిగిందే కట్టుకోవల్ల! ఎందుకట?"

ఇలాంటివి కొత్తగా కుట్టి అమ్మాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక. అప్పటికే నమూనాకు రెండు కుట్టి పెట్టింది. ఒకటి తీసి చూశాను. బట్ట ఎంపిక అద్భుతం. కుట్టు మాత్రం నా కంట్లో పడింది. "అక్కా, ఈ కుచ్చు ఎడమ పక్క పావు అంగుళం కిందికి దిగింది" అన్నాను. నొచ్చుకుంటుందనుకున్నాను. ఆమె చేతులు చరిచింది. "కనుక్కుంటివే! సరి, రేపట్నుంచి నువ్వు ఈడికి వచ్చేయి. నేను కత్తిరిస్తా, నువ్వు తిట్టు." అలా నాకు రెండో ఉద్యోగం దొరికింది.

మొదటి నెల డాలీ ఆంటీ ఏప్రన్‌ను ఉన్నది ఉన్నట్టు కుట్టాం. గౌను మీద కుదిరింది చీర మీద కుదరదని మాకు తట్టలేదు. ఒకరోజు అక్క కొత్త ఏప్రన్ కట్టుకుని పప్పుగిన్నె దించబోయింది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి కొంగు కోసం వెళ్ళింది. కొంగు ఏప్రన్ కింద ఉంది. వట్టి చెయ్యి వేడి గిన్నెకు తగిలి చురుక్కుమంది. ఆమె కెవ్వుమంది. నేను నీళ్ళచెంబుతో పరుగెత్తేసరికి చెయ్యి విదిలించుకుంటూ గంతులేస్తోంది. "దొరికిందిమే, దొరికింది! దీనికి కొంగు లేదు! మనం దీనికి కొంగు పెడతాం!" కాలిన వేళ్ళు చెంబులో ముంచి, రెండో చేత్తోనే సుద్దముక్క తీసుకుని గీత గీసింది. నడుము దగ్గర కుడివైపు, రెండు పొరల మందపాటి గుడ్డ, చివర అలల లేసు. గిన్నె పట్టుకోవచ్చు, చెయ్యి తుడుచుకోవచ్చు, చెమటా ఒత్తుకోవచ్చు. ఆ సాయంత్రం మొదటి కొంగు కుట్టి పెట్టినప్పుడు మేమిద్దరం దాన్ని చూసుకున్న మురిపెం నేనింతవరకు మరచిపోలేదు.

ఆ తర్వాత నాడాల గొడవ. వెనక ముడి వేస్తే, చీరకూ రవికెకూ మధ్య ఒంటికి ముడి గుచ్చుకుంటుంది. అందుకని నాడాను వెనక తిప్పి ముందుకు తెచ్చి, పొట్ట మీద పువ్వులా ముడి వేసుకునేట్టు మార్చాం. నేను నడుము చుట్టుకొలతలు రాసుకుని, నాడా పొడవు తేల్చి, ఎంత గుడ్డ పడుతుందో లెక్క కట్టాను. అక్క ఆ కొలత వరకు గుడ్డ పరిచి, చెయ్యి చాపి, ఇంకో జానెడు వదిలి కత్తెర వేసేది. ప్రతిసారీ.

"ఈ జానెడు ఎవరికోసమక్కా? వేస్టు కదా" అనేదాన్ని.

"ఎవురో వస్తారుమే" అనేది.

"ఎవరొస్తారు?"

"తెలిస్తే పేరు రాసే కుట్టేదాన్ని కదా. కొలతకి కోస్తే కొలతలోవాళ్ళే వస్తారు."

నాకు అర్థం కాలేదు. వాదించి ఓడిపోయి, కనీసం ఆ వేస్టయినా సమంగా ఉండాలని ఒకరోజు ఆమె చేతి మీద స్కేలు పెట్టి కొలిచాను. జాన ఎనిమిదిన్నర అంగుళాలు. "పెండ్లిచూపుల్లో కూడా ఇట్ల కొలవలేదు నన్ను" అని పగలబడి నవ్వింది.

ఆ ఏడు దీపావళికి ఆమె తమ్ముడు గోవిందరాజులు వేలూరు నుంచి వచ్చాడు. అక్కడ బియ్యం మండీ నడిపేవాడు. మంచివాడే, కాని పెద్ద పొట్ట, అంతకంటే పెద్ద పట్టుదల. మిఠాయి నములుతూ మా ఏప్రన్లను ఓరగా చూశాడు. "అక్కా, ఈ వయసులో బొమ్మలకి గౌన్లు కుట్టుకుంటా ఒంటిగా ఉండావు. మా ఇంట్లో గది ఖాళీగా ఉండాది. ఇల్లు ఒప్పజెప్పేసి వచ్చేయి" అన్నాడు. ఆ మాట ఆయన అంతకు ముందు కూడా చాలాసార్లు అన్నాడట. ఈసారి అక్క కళ్ళు మెరిశాయి.

"క్రిస్మస్‌కి ముందు చర్చి హాల్లో సంత పెడతారు. ఆడ స్టాలు వేస్తా ఉండా. ఏప్రన్లు అమ్ముడు పోతే నేను ఈడనే ఉంటా, నువ్వు ఇంక నోరెత్తగూడదు. పోకపోతే మిషను అమ్మేసి నీ కూడా వస్తా. సరేనా?"

"సరి" అన్నాడు తమ్ముడు, వెంటనే.

నన్నొక మాట అడగకుండా నా ఉద్యోగాన్ని కూడా పందెంలో పెట్టేసిందని అప్పుడు అర్థమైంది. ఆమె వేలూరు వెళ్తే నేను మళ్ళీ పప్పుల డబ్బాల దగ్గరికే. ఆ రోజునుంచి ఇద్దరం ఒళ్ళు మరచి కుట్టాం. పసుపు గళ్ళు, నీలం చుక్కలు, ఆకుపచ్చ మీద తెల్లపూలు. అరవై ఏప్రన్లు. ఒక్కొక్కటీ పూర్తయి దారం తెంపినప్పుడల్లా అక్క దాన్ని దులిపి, "పోయి ఎవురింట్లోనో డాన్సు ఆడుపో!" అనేది.

సంతకు రెండు రోజుల ముందు వానల తేమకు కుచ్చులన్నీ వాడిన ఆకుల్లా వేలాడిపోయాయి. మా ఇద్దరికీ ఒకే ఆలోచన. నూలుబట్ట నిలబడాలంటే గంజి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గంజి పెట్టని నూలుచీర కట్టినవాళ్ళం కాదు. పెద్ద గుండిగలో గంజి కాచి అరవై ఏప్రన్లనూ ముంచాం. ఇంట్లోనే తాళ్ళు కట్టి ఆరేశాం. వాన ఇంకా పెద్దదయింది. కరెంటు పోయింది, దాంతో ఫ్యానూ పోయింది. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఇల్లంతా పులిసిన వాసన. కుచ్చులు ఒకదానికొకటి అంటుకుని జిగురుగా ఉన్నాయి. సరిగ్గా అదే సమయానికి గోవిందరాజులు చేతిసంచితో గుమ్మంలో దిగాడు, సంత చూసి అక్కను తీసుకుపోదామని.

"ఏందక్కా ఇది, దోసెలంగడి పెట్టినావా?" అన్నాడు ముక్కుకు తుండు అడ్డం పెట్టుకుని.

అక్క మిషను ముందు స్టూలు మీద కూర్చుని, గోడ మీది డాలీ ఆంటీ ఏప్రన్‌ను చూస్తోంది. ఆమెను అలా చూడడం నాకు అదే మొదలు. సంత మర్నాడు పొద్దున. బయట ఎండ లేదు, లోపల గాలి లేదు. నేను లెక్క వేసుకున్నాను. ఉతికితే ఆరదు, ఉతక్కపోతే అమ్ముడుపోదు. లెక్క తెగలేదు. అప్పుడు అక్క నోట రావలసిన మాట నా నోట వచ్చింది.

"డేవిడ్ అన్న బేకరీ! పొయ్యి వెనక గది నిప్పులా ఉంటుంది. లే అక్కా!"

ఆమె తలెత్తి నన్ను చూసింది. తర్వాత స్టూలు వెనక్కి పడేంత వేగంగా లేచింది.

కొళాయి కింద మూడు నీళ్ళు పోసి జాడించాం. గట్టిగా పిండి, తొట్లలో వేసుకుని, మూడు రిక్షాలు కట్టుకుని, వానలో బేకరీకి బయలుదేరాం. ఒక తొట్టి గోవిందరాజులు ఒళ్ళో పెట్టాం. మోయనంటే వినే స్థితిలో మేము లేము. డేవిడ్ అన్న నాలుగు వీధుల అవతల బేకరీ నడిపే తెలుగాయన. క్రిస్మస్ కేకులు కాల్చడం అప్పుడే ముగించి తల తుడుచుకుంటున్నాడు. మమ్మల్నీ తొట్లనూ చూసి, "ఏమ్మా, ఇది బేకరీనా, చాకిరేవా?" అన్నాడు.

"అన్నా, ఈ పొద్దొక్క దినం రెండూ!" అంది అక్క. అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

పొయ్యి వెనక గదిలో కేకుల ట్రేలు పెట్టే ఇనుప చట్రాలు నేల నుంచి పైకప్పు దాకా ఉన్నాయి. కుచ్చులు అంటుకోకుండా ఒక్కో ఏప్రన్‌ను రెండు చట్రాల మధ్య పరిచి, నాడాలను అటూ ఇటూ కమ్ములకు కట్టాలి. చట్రాల మధ్య ఎడం ఎక్కువ. నా కొలతకు కోసిన నాడాలైతే అవతలి కమ్మికి ముడి అందేవి కావు. అక్క జానెడు ఉంది గనక అందాయి. మొదటి ముడి వేస్తూ ఆ సంగతి గమనించాను, నోరు మాత్రం తెరవలేదు. అక్క తెరిచింది: "చెప్పుమే, వేస్టా?"

ఆ హడావిడిలో గోవిందరాజులు తెల్లపంచెకు మైదాపిండి అంటింది. ఆయన గోల చెయ్యడం మొదలుపెట్టగానే అక్క అప్పటికి ఆరిన ఏప్రన్ ఒకటి విప్పి తెచ్చి, తమ్ముడి మెడలో వేసి, నాడా ఆ పొట్ట చుట్టూ తిప్పింది. నాడా వెనక్కి వెళ్ళి, ముందుకు వచ్చి, నిండైన పువ్వులా ముడి పడింది. డేవిడ్ అన్న నవ్వలేక గోడ పట్టుకున్నాడు. అక్క నావైపు తిరిగింది.

"ఎవురో వస్తారంటే నమ్మలే కదామే? ఇదో, వేలూరునుంచి వచ్చినాడు!"

మర్నాడు పొద్దున చర్చి హాల్లో బల్ల మీద ఏప్రన్లు పరిచాం. ఇస్త్రీతో కుచ్చులు నిలబడ్డాయి. గంజి వాసన ఎక్కడా లేదు. దాని బదులు అరవై ఏప్రన్ల నుంచీ వెన్న, వెనిల్లా, కాలిన చక్కెర వాసన హాలంతా కమ్ముకుంది. తడిసిన గొడుగులతో లోపలికి వచ్చినవాళ్ళు గాలి పీలుస్తూ నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చేవారు.

"కేకులు ఏడ పెట్టినారు?" అని అడిగింది ఒకావిడ.

"కేకులు లేవమ్మా. కేకు చేసేదానికి సింగారం ఉండాది" అంది అక్క.

ఆవిడ ఏప్రన్ ఎత్తి వాసన చూసింది, కొంగు పట్టుకుని చూసింది, "అయ్యో, దీనికి కొంగుందే!" అని హాలు మారుమోగేట్టు అరిచింది. ఇక ఆగలేదు. సన్నటివాళ్ళు, లావాటివాళ్ళు, నిండునెలల గర్భిణి ఒకామె. నాడా అందనివారు ఒక్కరూ లేరు. పెట్టెలు మోస్తూ ముందు రోజు కట్టిన ఏప్రన్‌తోనే తిరుగుతున్న గోవిందరాజుల్ని చూపించి ఒక ముసలావిడ, ఆయన కట్టుకున్నదే కావాలని పట్టుబట్టింది. ఆయన విప్పి ఇచ్చి, ఇంకోటి కట్టుకుని, ఎవరూ చెప్పకుండానే బల్ల పక్కన నిలబడి మండీ గొంతు ఎత్తాడు: "రండమ్మా రండి, పాత డిజైను, కొత్త సరుకు!" సాయంత్రానికి బల్ల మీద ఏడు మిగిలాయి. అందులో ఒకటి ఆయన భార్యకని తీసుకున్నాడు. రైలెక్కేముందు అక్కతో ఒక్క మాటే అన్నాడు.

"ఆ గది బియ్యం బస్తాలకి వాడుకుంటా లే."

అక్క వేలూరు వెళ్ళలేదు. పదకొండేళ్ళు ఆ ముందుగదిలో ఇద్దరం కుట్టాం. పురసవాక్కం కొట్లకు ఇచ్చాం, ప్రతి డిసెంబరూ చర్చి హాల్లో బల్ల వేశాం, ప్రతిసారీ ముందు రోజు డేవిడ్ అన్న బేకరీలో ఆరేశాం. రెండు వేల అయిదులో, జబ్బుపడి నాలుగు రోజులకే, ఆమె వెళ్ళిపోయింది. మిషను నా దగ్గరికి వచ్చింది. డాలీ ఆంటీ ఏప్రన్ కూడా.

కళ్ళు సహకరించిన రోజున ఇప్పటికీ ఒకటి రెండు కుడుతుంటాను. గుడ్డ పరిచి, కొలత ప్రకారం సుద్దగీత గీస్తాను. గీత వంకరపోతే చెరిపి మళ్ళీ గీస్తాను, ఆ గుణం పోలేదు. తర్వాత ఆ గీత దాటి ఇంకో జానెడు వదిలి కత్తెర వేస్తాను. నా చెయ్యి చిన్నది, నా జాన ఏడంగుళాలు దాటదు. అందుకే ఆ చోట చెయ్యి పెట్టను. స్కేలు పెట్టి ఎనిమిదిన్నర కోస్తాను.