గుండీల వరస

గురువారం సాయంత్రమైతే హెస్టర్ వంటింటి బల్ల మీద పాత కోటు గుండీలను రెండు వరసలుగా ఎదురెదురుగా పేర్చి, వాటి మీదికి కెమెరా వంచుతుంది. నలభై ఏళ్లు అమెరికాలో, వెర్మాంట్ కొండల్లోని మా ఊరి హాల్లో రెండు వరసల్లో జోడీలు మార్చుకుంటూ ఆడే కాంట్రా డాన్సుకి అడుగులు చెప్పిన మనిషి, ఇప్పుడు కొత్తవాళ్లకి ఆన్‌లైన్లో నేర్పుతోంది. మోకాళ్ల మీద శాలువా, పక్కన చల్లారిపోయిన టీ, కొరికి కొరికి అరిగిన గోళ్లు. “ఈ ఎర్ర గుండీ మీరే అనుకోండి. పాట ముగిసేలోగా వరసలో ఉన్నవాళ్లందరి చేతులూ పట్టుకుంటారు,” అంటూ దాన్ని ఒక జత నుంచి ఇంకో జతకి జరుపుతుంది. ఒకప్పుడు ఈ మాట ఎంతో గొప్పగా చెప్పేది. కరోనా మహమ్మారి మా కొండల దాకా రాలేదని అందరం అనుకుంటున్న ఆ మార్చిలో, ఒక డాన్సు రాత్రి ఒకావిడకి జోడీ దొరక్కపోతే, మూల కూర్చుని దగ్గుతున్న ఆర్లో అనే పాలరైతుని హెస్టరే చెయ్యి పట్టి లేపింది. “ఆపాటి దగ్గుకే ముసలాడివైపోయావా, లే ఆర్లో,” అంది. ఏప్రిల్ దాటేసరికి ఆర్లోతో కలిపి ఆ వరసలో ఆరుగురు పోయారు. మిగిలినవాళ్లం ఆమెని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకి మింగుడుపడలేదనుకుంటాను. మొన్న పాఠంలో ఒకమ్మాయి అడిగింది. “ఒంట్లో బాగోకపోతే కూర్చోవచ్చా అండీ? నా వల్ల వరస పాడవుతుందేమో.” ఎర్ర గుండీ మీద హెస్టర్ వేలు ఆగిపోయింది. “పాడైతే పాడవనీ. నువ్వు కూర్చో అమ్మా. ఎవరు బతిమాలినా లేవకు.” ఎర్ర గుండీని వరసలోంచి తీసి పక్కన పెట్టి, మళ్లీ అంది. “నేను బతిమాలినా సరే.”