ముక్కత్త సరే అంటేనే

కాగితపు గుజ్జు మిల్లులో కలప ఉడికించాక మిగిలే గోధుమరంగు నీళ్లను ఒకప్పుడు ఏట్లోకి వదిలేసేవారు. వాటిలో చెక్క తాలూకు చక్కెర ఉందని తెలిశాక, పులియబెట్టి కాచి, బండ్లు నడిపే ఆల్కహాలు తీయడం మొదలుపెట్టారు. ఆ పని జరిగే షెడ్డులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఆవిణ్ణి అందరూ ముక్కత్త అంటారు. తొట్టి మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి, "గంధకం ఇంకా పోలేదు, ఈస్టు చస్తుంది, మరికాస్త ఆవిరి పట్టండి" అనేది. రోజంతా అక్కడే ఉండేవాళ్లకు ఆల్కహాలు వాసన అలవాటైపోతుంది. ఆవిడ మాత్రం బయట గాలిలో కాసేపు నిలబడి, లోపలికొచ్చి, కారే చోటు పట్టేసేది. ముక్కత్త సరే అననిదే వెల్డరు నిప్పు వెలిగించకూడదన్నది అక్కడి ఆనవాయితీ.

మూడు వారాల కిందట ఆవిడకు జ్వరమొచ్చి తగ్గింది. పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. కాఫీ, సబ్బు, మాడిన గిన్నె అన్నీ ఒకటే అయిపోయాయి. చెబితే షెడ్డులో తనకేం పని? గాలిలో ఆల్కహాలు ఆవిరిని కొలిచే మీటరు ముల్లును దొంగచాటుగా చూసుకుని, ముక్కు ఎగబీల్చి, తలూపేది.

ఆ మధ్యాహ్నం ఆల్కహాలు గొట్టానికి అతుకు వేయాలి. వెల్డరు ఆవిడ సొంత తమ్ముడే.

"రావే అక్కా, నీ కోసమే కాచుక్కూర్చున్నాం."

"మీటరేదిరా?"

"రిపేరుకు పంపాం. దానికీ జలుబు చేసిందట!" అని నవ్వాడు ఫోర్‌మన్. "నువ్వుండగా అదెందుకత్తా?"

ఆవిడ వంగి పీల్చింది. ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగా ఏమీ లేదనా? ఆల్కహాలు మంట పగటి వెలుగులో కనబడదు. ఒకప్పుడు ఓ ఫిట్టరు, మంటే కనబడని చొక్కా చేతిని కేకలేస్తూ కొట్టుకోవడం ఆవిడ కళ్లారా చూసింది.

తమ్ముడు లైటరు తీశాడు. "సరేనా?"

ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగరా! నాకు వాసన తెలియట్లేదు. మూడు వారాలైంది."

ఫోర్‌మన్ పక్క విభాగానికి పరుగెత్తి వేరే మీటరు తెచ్చాడు. అతుకు వేయాల్సిన చోటు పక్కనున్న వాల్వు కింద పెట్టగానే ముల్లు ఎగిరి చివరికి కొట్టుకుంది.

తమ్ముడు లైటరు జేబులో పెట్టుకున్నాడు.

"మరి మొన్న నాలుగు అతుకులు వేశాను కదే, నువ్వు సరే అంటేనే."

"మీటరు చూసే చెప్పానురా," అందావిడ. "ఒక్కదానికి మాత్రం... ఫోర్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. ముల్లు కనబడలేదు. ఊరికే తలూపాను."

"ఏదే అది?"

ఆవిడ అతని నెత్తిమీది గొట్టానికున్న కొత్త అతుకు వైపు చూపించింది.