మెట్లు కడిగే ఆవిడ పాఠం

ఆ కాలేజీలో సాహిత్యం చెప్పే లెక్చరర్‌కి పిల్లలు పెట్టుకున్న పేరు కన్నీళ్ల మేడం. పేరు ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్ల పాటు ఏటా ఒకే కవితలో, ఒకే చరణం దగ్గర ఆవిడ గొంతు పూడుకుపోయేది. కళ్లద్దాలు తీసి రుమాలుతో కళ్లొత్తుకునేలోపు బెల్లు కొట్టేసేవారు. సీనియర్లు జూనియర్లకి ముందే చెప్పి పెట్టేవారు, "మూడో చరణం దాకా ఓపిక పట్టండ్రా, ఆ తర్వాత వానే" అని. అలాగని అది నటన అనుకుంటే పొరపాటు. ఆవిడ నిజంగానే ఏడ్చేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కవిత రెండు వందల ఏళ్ల నాటిది. రొమాంటిక్ కవి రాశాడనగానే వెనక బెంచీల వాళ్లు ఆశగా ముందుకు వంగేవారు. మెట్లు కడిగే ముసలావిడ కనిపించగానే ఉసూరుమని మళ్లీ వెనక్కి ఆనుకునేవారు. ఒక పెద్ద నగరంలో, చలికాలం పొద్దున, కవి నడిచి వెళ్తుంటాడు. న్యాయస్థానం మెట్ల మీద ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని రుద్దుతుంటుంది. నల్లకోట్ల పెద్దమనుషులు పైకి వెళ్తుంటారు. ఆవిడ తుడిచిన చోటల్లా మళ్లీ బూటు ముద్ర పడుతుంది. మూడో చరణంలో ఒక బూటు ఆవిడ వేళ్లనే తొక్కుతుంది. తొక్కించుకున్న ఆవిడే లేచి క్షమించమంటుంది.

"రాసుకోండి. మెట్లు అంటే సమాజంలోని అంతరాలు. బూటు అంటే అధికారం. బకెట్టులో నీళ్లు పేదల కన్నీళ్లు. న్యాయం జరగాల్సిన గుమ్మంలోనే అన్యాయం జరుగుతోంది, అదీ ఇక్కడి వ్యంగ్యం" అని మేడం విశ్లేషించేది. ఇంత బాగా చెప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆ మాట ఆవిడకీ తెలుసు.

ఆవిడ క్లాసు రెండో అంతస్తులో, మెట్లకి ఆనుకుని ఉంటుంది. ఆ మెట్లు కడిగేది ఆయా. సన్నగా, గట్టిగా ఉండే మనిషి, మేడం కంటే నాలుగేళ్లు పెద్దది. ఈ పాఠం ఉన్న రోజున మేడం పొద్దున్నే ఆవిడకి కబురు పెట్టేది, "నా క్లాసు అయ్యేదాకా మెట్ల జోలికి రాకు, బ్రష్షు చప్పుడుకి పిల్లల మనసు చెదురుతుంది" అని. ఆయా సరేనని, అన్నం తినే వేళలో మెట్లు కడుక్కునేది. మెట్లు కడిగే మనిషి గురించి పాఠం చెప్పడానికి మెట్లు కడిగే మనిషిని పక్కకి పొమ్మంటున్నానన్న సంగతి, అంత చదువుకున్న ఆవిడకి ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఏం చదువులో!

ఆ ఏడాది కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు పెద్దలు, అందులో ఒకావిడ. వాళ్ల ముందు చెప్పడానికి మేడం ఈ పాఠాన్నే ఎంచుకుంది. వేరేది ఎందుకు ఎంచుకుంటుంది? ఆ హడావుడిలో ఆయాకి కబురు పెట్టడం మరిచిపోయింది. ప్రిన్సిపాలేమో పొద్దున్నే ఆయాని పిలిచి, మెట్లన్నీ సబ్బు పొడి వేసి కడగమన్నాడు.

రెండో చరణంలో ఉండగా బయట బరబరా బ్రష్షు మొదలైంది. మేడంకి ఒళ్లు మండింది. "ఒక్క నిమిషం" అని నవ్వుతూ బయటికి వచ్చింది. గుమ్మం దాటగానే ఆ నవ్వు పోయింది.

"బుద్ధుందా ఆయా? లోపల ఎవరున్నారో తెలుసా? ఆపు ముందు!"

"సబ్బు వేసేశానమ్మా. నీళ్లు పోసేసి..."

"ఒక్క చుక్క కూడా పొయ్యకు. అలాగే కూర్చో, కదలకు."

ఆయా బ్రష్షు పక్కన పెట్టి, పై మెట్టు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. మేడం లోపలికి వెళ్లి మూడో చరణం చెప్పింది. గొంతు పూడుకుపోయింది. బృందంలోని ఆవిడ కూడా రుమాలు తీసింది. బెల్లు కొట్టారు.

అందరూ మెచ్చుకుంటూ బయటికి వచ్చారు. బృందంలో పెద్దాయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు, నాలుగో మెట్టు మీద కూర్చున్నాడు. దెబ్బలేమీ తగల్లేదు కానీ, ప్యాంటు నిండా సబ్బు నురగ, మొహం నిండా అవమానం.

బృందాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన ప్రిన్సిపాల్ మొహం కందగడ్డయింది. "సబ్బు అలాగే వదిలేసి కూర్చుంటావా? ఇక్కడ కబుర్లు వినడానికి పెట్టుకున్నామా నిన్ను?"

ఆయా లేచి నిలబడింది. "తప్పయిపోయింది సార్. క్షమించండి."

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

 ఇప్పుడే చెబుతాను, ఈయన మాట పూర్తవగానే చెబుతాను అనుకుంది మేడం. మాట పూర్తయింది. ఇంతలో బృందంలోని ఆవిడ చెయ్యి పట్టుకుని "ఎంత బాగా చెప్పారండీ, నాకు ఏడుపు ఆగలేదు" అంది. మేడం "థాంక్సండీ" అంది. ఆ మొత్తం సమయంలో ఆవిడ నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే.

అందరూ ప్రిన్సిపాల్ గదికి వెళ్లాక, మేడం కిందకి దిగింది. మెట్ల కింద బకెట్లు పెట్టుకునే అరలో ఆయా తన సంచీ సర్దుకుంటోంది.

"నేనే ఆపమన్నానని ఎందుకు చెప్పలేదు ఆయా?"

"మీరక్కడే ఉన్నారు కదమ్మా. చెప్పేదైతే మీరే చెబుతారని ఊరుకున్నా."

దెప్పుతున్నట్టు లేదు. ఉన్నమాట అన్నట్టే అంది. 

"ఒక్కటి అడగనా అమ్మా?" అంది ఆయా. "ఏటా వరండా చివర నిలబడి మీ పాఠం వింటాను. వేళ్లు తొక్కడం దగ్గరికి వచ్చేసరికి బెల్లు కొట్టేస్తారు. ఆ తర్వాత ఆవిడేమైంది?"

 కవితలో ఇంకొక్క చరణమే ఉంది. "ఆవిడ సంగతి ఇంకేమీ లేదు ఆయా. కవి ఆ ఊరు వదిలి వెళ్లిపోతాడు."

"ఎక్కడికి?"

"కొండల్లోకి. అక్కడ గాలి బాగుంటుందని."

"ఓహో. మంచిదే" అని ఆయా సంచీ మూతి ముడి వేసింది.

మేడం ఇక ఆగలేదు. గబగబా పైకి వెళ్లి ప్రిన్సిపాల్ గది తలుపు తోసింది. నలుగురూ టీ తాగుతున్నారు. "సార్, తప్పు ఆయాది కాదు, నాది. నేనే ఆపమన్నాను" అంటుండగానే గొంతు పూడుకుపోయింది. కళ్లద్దాలు తీసింది. అచ్చం మూడో చరణంలో లాగే. తన చెవులకే అది పాఠంలా వినిపించింది.

ప్రిన్సిపాల్ బృందం వైపు తిరిగి గర్వంగా నవ్వాడు. "చూశారా సార్? మా మేడం మనసే అంత. ఎవరి తప్పయినా తన నెత్తినే వేసుకుంటుంది."

"పాఠం చెప్పడమే కాదు, బతుకుతున్నారన్నమాట" అన్నాడు తడి ప్యాంటు పెద్దాయన. "కూర్చోండమ్మా, టీ తీసుకోండి."

ఇంకొక్క మాట చాలు. కళ్లు తుడుచుకుని, మామూలు గొంతుతో, "కాదండీ, నిజంగానే నేను ఆపమన్నాను, కాగితం మీద రాసిస్తాను" అంటే చాలు. ఆయా ఉద్యోగం ఆ ఒక్క మాట దగ్గర ఉంది. ఆ సంగతి మేడంకి స్పష్టంగా తెలుసు. పెద్దాయన ముందున్న రిపోర్టులో 'అత్యుత్తమం' అన్న మాట తలకిందులుగా కనిపిస్తోంది. కప్పు చేతికిచ్చారు. తీసుకుంది.

బయటికి వచ్చేసరికి మెట్లు పైనుంచి కిందదాకా శుభ్రంగా ఉన్నాయి. వెళ్లే ముందు ఆయా మిగిలిన పని పూర్తి చేసి వెళ్లింది. బకెట్టు బోర్లించి ఉంది. మర్నాడు మేడం కాగితం రాసింది, ప్రిన్సిపాల్‌కి ఇచ్చింది కూడా. అప్పటికి కొత్త మనిషిని పెట్టేశారు. ఆయా ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. అన్నేళ్లలో మేడం కూడా ఆవిడని ఎప్పుడూ అడగలేదు.

ఇప్పటికీ మేడం ఆ కవిత చెబుతోంది. ఏడవడం మానేసింది. బయట బ్రష్షు చప్పుడు వచ్చినా ఆపమనదు, తనే గొంతు పెంచుతుంది. ఆఖరి చరణంతో మొదలుపెడుతుంది. కవి కొండల్లోకి వెళ్లిపోయాడు, ముందు అది రాసుకోండి అంటుంది. ఆ తర్వాత ఆయా కథ చెబుతుంది, సబ్బు నుంచి టీ కప్పు దాకా, ఒక్క ముక్క దాచకుండా. ఏటా ఎవరో ఒకరు లేచి అడుగుతారు.

"వాళ్లు మీ మాట నమ్మనప్పుడు మీరేం చేశారు మేడం?"

ఆ ప్రశ్నకి ముందే బెల్లు కొడితే బాగుండునని ఆవిడకి ఏటా అనిపిస్తుంది. కొట్టరు.

"టీ తాగాను" అంటుంది.