వెనక కూర్చునే మనిషి

జపాన్‌లోని సాదో ద్వీపంలో ఉసామి తత్సుజో ఇల్లెక్కడని అడిగితే, "తోట తత్సుజోనా, వెనక తత్సుజోనా?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఇద్దరూ ఒకరే. తోట అంటే పెర్సిమన్ పళ్ల తోట, కొండవాలు మీద రెండొందల చెట్లు. వెనక అంటే గుడి ఆవరణలో నోహ్ అనే పాతకాలపు నాటకం ఆడే రంగస్థలం వెనక భాగం. తోట వయసు ముప్ఫై ఏళ్లు, వెనక కూర్చోవడం వయసు నలభై ఒకటి. ఊళ్లో అందరూ తోటనే గొప్పగా చెప్పుకుంటారు గానీ, తత్సుజోకి మాత్రం రెండోదే అసలు బతుకు.

ఆ కొలువు గురించి నాలుగు మాటలు చెప్పాలి. నోహ్‌లో కొయ్యముఖం పెట్టుకుని ఆడే ప్రధాన పాత్రధారి వెనక, అరుగు చివర, నల్ల కిమోనోతో ఒక మనిషి కదలకుండా కూర్చుని ఉంటాడు. మెడపట్టీ జారితే వచ్చి సర్దుతాడు, విసనకర్ర అందిస్తాడు, మాట మర్చిపోతే మాట అందిస్తాడు. ఆడేవాడు కూలబడితే మాత్రం అతనే లేవాలి. పడ్డవాణ్ణి పక్క తలుపులోంచి లోపలికి పంపేసి, ఏ మాట దగ్గర ఆగిందో అక్కణ్ణుంచే అందుకుని, ముఖం లేకుండా, ఒంటిమీదున్న నల్లబట్టలతోనే చివరిదాకా ఆడాలి. నాటకం దేవతకి పెట్టే నైవేద్యం, మధ్యలో ఆగకూడదు. ఎప్పుడు లేవాలో అతనికి చెప్పేవాళ్లు ఉండరు. ఒకసారి లేచాడంటే ఇక ఆట అతనిదే.

నలభై ఒక్క జూన్ నెలలు తత్సుజో అలా కూర్చున్నాడు. ప్రతి ఏడూ మొత్తం పాత్రని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నాడు. ఒక్కసారీ లేవలేదు. ముందు ఆడేవాడు గెన్పే కదా మరి! చేపల పడవ గెన్పే, గొంతు విప్పితే రేవు దాకా వినపడేది. అతను పడటమేమిటి? ఆట అయిపోయాక ముఖం విప్పి, చెమట తుడుచుకుంటూ ఏటా ఒకటే ఎకసెక్కం. "ఏరా గద్దా, ఈ ఏడూ నేను పడలేదు, చూశావా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, తత్సుజో కూడా.

కానీ ఆ నవ్వు కింద ఒక ముల్లు ఉంది, దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చూపించలేదు. ఇరవై ఆరేళ్ల కిందట ఒక జూన్ సాయంత్రం గెన్పే జ్వరంతోనే అరుగెక్కాడు. రెండో భాగంలో అతని భుజాలు వణకడం వెనకనుంచి తత్సుజోకి స్పష్టంగా కనిపించింది. అప్పుడు, దేవత ముందు, ఆ పవిత్రమైన చోట కూర్చుని, తత్సుజో మనసులో అనుకున్నాడు, పడితే బావుండు అని. ఒక్కసారి పడితే చాలు, నేను లేస్తాను అని. గెన్పే పడలేదు. ఇరవై నాలుగేళ్ల తర్వాత, ఒక మంచు కురిసే ఉదయం, రేవు దగ్గర చేపల బుట్టతో సహా పడ్డాడు. కుడి పక్క పడిపోయింది, మాట చాలావరకు పోయింది. మంచు మీద జారాడన్నారు, మెదడులో నరం చిట్లిందన్నారు. తత్సుజో మాత్రం ఇరవై నాలుగేళ్లు ఆలస్యంగా తన కోరికే తగిలిందనుకున్నాడు. పిచ్చి ఆలోచన అంటారా? రాత్రీ పగలూ లోపల కూర్చున్న ఆలోచనని పిచ్చిదని తోసేయడం అంత తేలిక కాదు. అప్పట్నుంచి గెన్పే ఇంటికి పళ్లు పట్టుకెళ్లి గుమ్మంలోనే ఇచ్చి, పనుందని వచ్చేసేవాడు.

గెన్పే పడ్డాక ఆట ఆడేవాళ్లు లేరు. మొదటి ఏడాది పాట మాత్రం పాడి సరిపెట్టారు. రెండో ఏడు అదీ కుదిరేలా లేదు. అప్పుడు హైస్కూలు ఇంగ్లీషు టీచరమ్మ కువబార, తన దగ్గర చదివే ఏడుగురు పిల్లల్ని వెంటేసుకుని గుడి పెద్దల దగ్గరికి వచ్చింది. మన ఊరి నాటకాన్ని ఇంగ్లీషులోకి మార్చాం, పిల్లలు ఆడతారు, ఒప్పుకుంటారా అని అడిగింది. పెద్దలు ఎగిరిపడ్డారు. ఆరొందల ఏళ్ల మాటల్ని పరాయి భాషలో పెట్టి దేవతకి వినిపిస్తారా అన్నారు. టీచరమ్మ నెమ్మదిగా, ఈ పిల్లలకి పాత జపనీసూ పరాయి భాషేనండీ, కనీసం ఇంగ్లీషుకి పరీక్షైనా ఉంది అంది. మూలన చక్రాల కుర్చీలో ఉన్న గెన్పే గుర్రుమని నవ్వాడు. అతని నవ్వుతోనే సగం గొడవ తీరింది. ప్రధాన పాత్ర అతని మనవరాలు మిచిరుకే వచ్చింది.

వెనక మాత్రం ఎప్పట్లాగే తత్సుజో కూర్చోవాలన్నారు. తత్సుజో కూర్చోనన్నాడు. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు, అమ్మాయి పడితే లేచి ఆడలేనివాడు అక్కడ దిష్టిబొమ్మతో సమానం అన్నాడు. కాగితం చేతిలో పెడతామన్నారు. కాగితం చూసి చదివేవాణ్ణి వెనక మనిషి అనరన్నాడు. మొండిఘటం! మరి దారేమిటని అడిగితే, తలగోక్కుని, "నేర్చుకుంటాను" అన్నాడు. డెబ్బై నాలుగేళ్ల వయసులో.

ఆ మే నెలంతా తోటలో మొగ్గలు గిల్లే పని. కొమ్మకి ఒక్క మొగ్గే ఉంచి తక్కినవి గిల్లేయాలి, లేకపోతే పండు గోలీకాయంత అవుతుంది. పొద్దుటిపూట సముద్రం మీంచి పొగమంచు వాలు ఎక్కి వచ్చేది. చెట్ల మొదళ్లు కనపడేవి కాదు, నిచ్చెన మీదున్న తత్సుజో మబ్బులో తేలుతూ మొగ్గలు గిల్లుతున్నట్టుండేది. సాయంత్రం బడి వదలగానే మిచిరు సైకిలు మీద వచ్చి, చెట్టు కింద కూర్చుని ఒక్కో మాటే చెప్పేది. అతను పళ్ల అట్టపెట్టెల వెనక జపనీసు అక్షరాల్లో రాసుకునేవాడు. మర్నాడు పొద్దున వాటిని కొమ్మలకి వేలాడదీసి, ఆ చెట్టు దగ్గర ఆ మాట, ఈ చెట్టు దగ్గర ఈ మాట వల్లెవేసేవాడు. అర్థం అడగనక్కర్లేదు, అది నలభై ఏళ్లుగా తెలుసు. పడవ మీద వెళ్లిన మొగుడి కోసం ఒడ్డున కాచుకుని కాచుకుని చచ్చిపోయి, చచ్చాక కూడా కాచుకునే ఆడదాని కథ.

అతని భార్య మినే అన్నం ముద్దలు పట్టుకొచ్చి, ఈ ఏడు పళ్లు ఇంగ్లీషు మాట్లాడతాయేమో, అమ్మడానికి విదేశాలకి పంపాలేమో అని వేళాకోళమాడేది. మిచిరు కూడా తక్కువదేం కాదు.

"తాతా, నీ ఇంగ్లీషు నాటుపడవలో వచ్చినట్టుంది. అంతా తడిసిపోయింది."

"వచ్చిందా లేదా, అది చూడు. మళ్లీ చెప్పు."

ఒకరోజు ఆ పిల్ల పైకి చూస్తూ ఉన్నట్టుండి అడిగింది. "తాతా, నలభై ఏళ్లు కూర్చున్నావు కదా. ఒక్కసారైనా లేవాలనిపించలేదా?"

తత్సుజో ఉంచాల్సిన మొగ్గని గిల్లేశాడు. "అది అడక్కూడదమ్మా" అన్నాడు. పిల్ల ఇంటికెళ్లి ఆ మాట తన తాత గెన్పేతో చెప్పింది, అంతే.

జూన్‌లో ఆట రోజు వచ్చింది. సాయంత్రం ఇంకా వెలుతురుండగానే జనం గడ్డిమీద చాపలు పరుచుకుని, తిండి డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. దివిటీలు వెలిగించారు. పగలంతా లేని పొగమంచు ఆ వేళకి రేవు మీంచి లేచి, రంగస్థలం గడ్డి కప్పు అంచుల దాకా వచ్చి నిలబడింది. పిల్లలు బృందగానం అందుకున్నారు. ఇంగ్లీషే, కానీ ఆ సాగదీత పాతదే, ఆ ఊపిరి పాతదే. మొదట్లో ముసిముసిగా నవ్విన ముసలమ్మలు కాసేపటికి కళ్లు మూసుకుని తలలాడించారు. మాటలు తెలియకపోయినా కథ ఎక్కడిదాకా వచ్చిందో వాళ్లకి తెలుస్తూనే ఉంది.

తెల్లటి కొయ్యముఖంతో మిచిరు రంగస్థలం మీదికి తెచ్చే చెక్క వంతెన మీంచి వచ్చింది. నడిచినట్టు లేదు, మంచే ఆమెని తోసుకొచ్చి వదిలినట్టుంది. గెన్పే ముప్ఫై తొమ్మిదేళ్లు వేసుకున్న ముఖం అది. తత్సుజోకి వెనకనుంచి ఆ పిల్ల వీపే కనిపిస్తోంది. గెన్పే వీపులో సగం కూడా లేదు. అయినా మెడ నిలబెట్టే తీరు అచ్చం వాడిదే. తత్సుజో ఏ కలలో ఉన్నాడో, ఏ ఏడాదిలో ఉన్నాడో కాసేపు అతనికే తెలియలేదు.

రెండో భాగంలో వేణువు ఆగాక ఆడది మోకాళ్లమీద కూర్చుని అనాలి, "మంచు విడిపోయింది, నీ పడవ ఏది?" అని. వేణువు ఆగింది. మిచిరు కూర్చుంది. మాట రాలేదు.

తత్సుజో రెండు ఊపిర్లు ఆగి, పెదవి కదలకుండా మాట అందించాడు. రాలేదు. కాస్త గట్టిగా మళ్లీ అందించాడు. ఊహూ. డోలు వాయించేవాడు చెయ్యి గాల్లో పెట్టి ఆగిపోయాడు. పాడే పిల్లలు బొమ్మల్లా ఉన్నారు. జనంలో ఎవరో డబ్బా మూత పెట్టిన చప్పుడు కూడా వినపడింది.

ఇక మూడోసారి మాట అందించడం ఉండదు. లేవడమే. తత్సుజోకి అక్షరాలన్నీ వచ్చు, పరాయి భాషలో సహా వచ్చు. విసనకర్ర పక్కనే ఉంది. నలభై ఒక్క ఏళ్ల కోరిక ఎదురుగా వచ్చి కూర్చుంది. కుడి మోకాలు దానంతటదే నేలనుంచి లేచింది కూడా.

లేస్తూ పిల్ల వైపు చూశాడు. ఎడమ వైపు మెడపట్టీ వేలెడంత జారి ఉంది.

అతను మోకాళ్ల మీదే ముందుకు జరిగి, మిచిరు వెనక కూర్చుని, రెండు చేతులతో మెడపట్టీ సర్దాడు. సర్దుతూ, ఆమె చెవి దగ్గర, ఈసారి గొణుగుతూ కాదు, ఆడేవాడి గొంతుతోనే ఆ మాట మొత్తం అన్నాడు. "మంచు విడిపోయింది, నీ పడవ ఏది?" ఇంగ్లీషులో, తడిసిన ఇంగ్లీషులో. ఆవరణ అంతా వినపడింది. ఆ అరుగు మీద అతని గొంతు ఊరికి వినపడటం అదే మొదటిసారి. పిల్ల భుజాలు ఒకసారి కదిలాయి. తర్వాత ఆ మాటే అందుకుంది, సన్నగా మొదలై నిండుగా. డోలు మోగింది. తత్సుజో వెనక్కి జరిగి తన చోట్లో కూర్చున్నాడు.

ఆట ముగిశాక, కొయ్యముఖం పెట్టుకునే అద్దాల గదిలో దాన్ని విప్పేసరికి మిచిరు మొహమంతా తడి. మర్చిపోయావా అని తత్సుజో అడిగాడు. లేదంది. గెన్పే తాతే చెప్పాడంది. ఎడమ చేత్తో రెండు రోజులు కష్టపడి కాగితం మీద రాసిచ్చాడట, అక్కడ ఆగిపో, వాడు లేస్తాడు అని.

తత్సుజోకి కోపం నషాళానికి అంటింది. "దేవత ముందు ఆటలా? పడనిదానివి పడ్డట్టు నటిస్తావా?" అన్నాడు. పిల్ల తలొంచుకుంది. ఆ కోపం దాని మీద కాదని దానికీ తెలుసు. నల్లబట్టలు కూడా విప్పకుండా అతను బయటికి నడిచాడు.

గెన్పే చక్రాల కుర్చీ దివిటీ పక్కన ఉంది. జనం చాపలు మడుస్తున్నారు. గెన్పే అతన్ని చూసి, నోరు వంకర తిప్పుకుంటూ, ఒక్కో మాటా బయటికి లాగాడు.

"ఎందుకు... లేవలేదు?"

రెండేళ్లుగా గుమ్మంలోంచే పారిపోయిన మనిషి, ఆ కుర్చీ ముందు గడ్డి మీద కూలబడ్డాడు. చెప్పేశాడు. "ఒరేయ్ గెన్పే, నీకు జ్వరం వచ్చిన ఏడు, నువ్వు పడాలని కోరుకున్నాన్రా. అక్కడే కూర్చుని కోరుకున్నాను. అందుకే నువ్విలా అయ్యావేమోనని..."

గెన్పే చాలాసేపు మాట కోసం వెతుక్కున్నాడు. పొగమంచు దివిటీల చుట్టూ తిరుగుతోంది.

"తెలుసు" అన్నాడు. "వెనక... నీ ఊపిరి... వినపడేది." మళ్లీ ఆగి, ఎడమ చేత్తో తత్సుజో భుజం దొరకబుచ్చుకున్నాడు. "ఆ ఏడు... పడిపోదామనే... అనుకున్నా. నువ్వున్నావు కదా... అనిపించింది. అందుకే... పడలేదురా."

తత్సుజో పిల్లాడిలా ఏడ్చాడు. ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. తర్వాత మొహం తుడుచుకుని లేచి, గెన్పే చొక్కా కాలరు ఒక పక్కకి మడతపడి ఉంటే సర్దాడు. కుర్చీ వెనక్కి వెళ్లి, పిడులు పట్టుకుని, రేవు వైపు దారిలో నెమ్మదిగా తోసుకుంటూ వెళ్లాడు. ఆ రోజు గుమ్మంలో ఆగకుండా లోపలికి వెళ్లి కూర్చున్నాడు.