ఎ.డి. గారి ఫ్లాపీ

2003 జూలైలో నేను విజయవాడ గవర్నర్‌పేటలోని మా చేనేత డిజైన్ కేంద్రంలో సాంకేతికాధికారిగా పనిచేస్తున్నాను. పేరు ఘనంగా ఉంది గానీ, కేంద్రమంటే ఒక లాడ్జి పై అంతస్తులో రెండు గదులు, రెండు కంప్యూటర్లు, అట్టలకు చిల్లులు కొట్టే యంత్రం ఒకటి. నాకు పైన సహాయ సంచాలకులు. ఆయన్ని అందరం ఎ.డి. గారనేవాళ్లం. నాకు కింద ఒక డ్రాఫ్ట్స్‌మన్.

చీర అంచులో పువ్వు రావాలంటే మగ్గానికి జకార్డు అనే పరికరం బిగించాలి. అందులో దండలా కుట్టిన అట్టలు తిరుగుతుంటాయి. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. గ్రాఫ్ కాగితం మీద గీసిన అంచును మేము కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే యంత్రం ఆ ప్రకారం అట్టలు కొట్టేది. చేత్తో అయితే రెండు వారాలు పట్టే పని రెండు రోజుల్లో అయ్యేది. కంప్యూటర్ చెప్పింది యంత్రానికి అందజేసే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. నేను చెప్పబోయేదంతా ఆ డ్రైవర్ గొడవే.

ఆ నెలలో మంగళగిరి నుంచి సీతామహాలక్ష్మి గారని ఒక నేతగత్తె తన అంచు కాగితం తెచ్చి ఇచ్చారు. ఇరవై ఏళ్లుగా ఒక షావుకారు ఇచ్చిన నూలుతో, ఆయన చెప్పిన అంచే నేసిన మనిషి. మొదటిసారి సొంత అంచు గీసుకుని, ఢిల్లీ ప్రదర్శనకు ఇరవై ఒక్క చీరలు ఇస్తానని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నన్ని ఇస్తే మరుసటి ఏడాది ప్రదర్శనలో ఆమె పేరునే ఒక స్టాలు. ఇవ్వలేకపోతే మళ్లీ షావుకారు గుమ్మమే. ఇంట్లో మూడు మగ్గాలు, మగ్గానికి ఏడు చీరలు, చీరకు రెండు రోజులు. సోమవారం పొద్దున అట్టలు చేతికిస్తే పద్నాలుగు రోజుల్లో నేత పూర్తవుతుంది, పదిహేనో రోజు సరుకు వ్యాను బయల్దేరుతుంది. మధ్యలో ఒక్క రోజు కూడా మిగులు లేదు.

ఆ సోమవారానికి ముందు మంగళవారం మా కంప్యూటర్ హార్డ్‌డిస్క్ పోయింది. కొత్తది వేయించాను. డిజైన్ గీసే ప్రోగ్రాం సీడీ భద్రంగానే ఉంది గానీ, డ్రైవర్ ఉన్న రెండు ఫ్లాపీలకూ బీరువాలో బూజు పట్టింది. యంత్రం తయారుచేసిన కోయంబత్తూరు కంపెనీ మూతపడి నాలుగేళ్లయింది. ఇక మిగిలింది ఇంటర్నెట్.

ఆ రోజుల్లో దొరకని సాఫ్ట్‌వేర్ కోసం వెతకడమంటే, చీకటి గదిలో చెప్పులు వెతుక్కున్నట్టే. ఏది కాలికి తగులుతుందో తెలియదు. మూడు రోజులు వెతికితే మూడు చోట్ల దొరికింది. మొదటిది పట్టుమని పది కిలోబైట్లు లేదు. అది డ్రైవర్ కాదు, తనను నడిపిస్తే ఇంకేదో దింపుతానని చెప్పే ప్రోగ్రాం. రెండోది మాన్యువల్‌లో రాసిన సైజుకు మూడింతలుంది. ఆ అదనపు బరువు దేనిదో చెప్పేవాడు లేడు. మూడోది ఆ యంత్రాలు వాడేవాళ్లు నడుపుకునే ఒక పాత సైటులో ఉంది, సైజు సరిగ్గా సరిపోయింది. అయినా సైజు ఒక్కటీ చూసి నమ్మకూడదు. అదే సైజులో పాడుపని ఇమిడ్చిపెట్టేవాళ్లుంటారు.

అందుకు నాకో పద్ధతి ఉండేది. బయటి నుంచి ఏది వచ్చినా ముందు రెండో కంప్యూటర్‌లోనే పెట్టాలి. దానిలో డిజైన్లేవీ ఉండవు, యాంటీవైరస్ ఉంటుంది, మొదటి దానితో వైరు సంబంధం లేదు. మొదటి కంప్యూటర్‌లో యాంటీవైరస్ వేస్తే డిజైన్ ప్రోగ్రాం నత్తనడక నడిచేది, కాబట్టి దానికి ఈ పద్ధతే కాపలా. ఆ పైన, వీలైతే తయారుచేసినవాళ్లనే అడిగి ఖాయం చేసుకోవాలి. మూతపడిన కంపెనీలో పనిచేసిన ఒక ఇంజనీరు నంబరు సంపాదించాను. ఆయన ఊళ్లో లేరు, సోమవారం సాయంత్రానికి వస్తారన్నారు. అట్టలు ఇవ్వాల్సింది సోమవారం పొద్దున.

శనివారం పొద్దున ఎ.డి. గారు చేతిలో ఫ్లాపీతో నా గదిలోకి వచ్చారు. హైదరాబాదులో ఉన్న ఆయన తోడల్లుడు అదే డ్రైవర్‌ను ఎక్కడి నుంచో దింపి బస్సులో పంపాడట. ఆయన చెడ్డవారు కారు. నా కష్టం చూడలేక తానుగా పూనుకున్న మనిషి. నా కుర్చీ వెనకే నిలబడి, “ఎందుకండీ ప్రసాద్ గారూ ఇంత చాదస్తం? మనవాడు పంపించాడు, వేసేయండి,” అన్నారు.

రెండో కంప్యూటర్ నా కుడిచేతి పక్కనే ఉంది. ఆయన చూస్తుండగా ఆ ఫ్లాపీని అందులో పెట్టడమంటే, పిలిచి భోజనం పెట్టినవాళ్ల ముందు అన్నం వాసన చూసినట్టుంటుందనిపించింది. నా చెయ్యి అటు పోలేదు. మొదటి దాంట్లోనే పెట్టాను.

డ్రైవర్ పనిచేసింది! యంత్రం టకటకలాడుతూ నలభై ఆరు అట్టలు కొట్టింది. ఎ.డి. గారు కాఫీ తెప్పించారు. నేనూ తాగాను. మిగతావి ఆదివారం కూర్చుని కొట్టొచ్చనుకున్నాను గానీ, ఆదివారమంతా కరెంటు లేదు.

సోమవారం కంప్యూటర్ ఆన్ చేస్తే అంచుల పేర్లన్నీ వరసగా కనిపించాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. అన్నీ ఖాళీ. పేర్లుంచి లోపలిదంతా తుడిచేసింది. పాత అంచులకు సీడీ ఉంది. సీతామహాలక్ష్మి గారి అంచు ఆ వారమే ఎక్కించి, కాగితం ఆమెకు తిరిగి ఇచ్చేశాం, మా దగ్గర దానికి నకలు లేదు. ఫ్లాపీని అప్పుడు రెండో కంప్యూటర్‌లో పెట్టాను. పెట్టిన అర నిమిషానికే యాంటీవైరస్ ఎర్రగా హెచ్చరిక చూపింది.

పదకొండింటికి ఆమె అట్టల కోసం వచ్చారు. ఎ.డి. గారు కూడా గదిలోనే ఉన్నారు. జరిగింది చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. “బాగుందో లేదో చూసుకోకుండా ఎట్టా పెట్టారండీ?” అని మాత్రం అడిగారు. పెద్దవారు ఇచ్చారండీ, అన్నాను.

“మా ఇంటికి షావుకారు నూలు చిలపల కట్టలు పట్టుకొస్తే ఆయన ముందే లెక్కెట్టి కాటా ఏస్తామండీ. ఇరవై ఏళ్లనుంచీ అంతే. ఆయనకి కోపం లేదు, మాకు సిగ్గూ లేదు. తర్వాత పోట్లాడుకోకుండా ఉంటానికే గదా,” అన్నారామె.

ఎ.డి. గారు గోడమీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డారు. నా తల కొట్టేసినట్టయింది.

మంగళవారం పొద్దున కోయంబత్తూరు ఇంజనీరు ఫోనులో దొరికారు. అసలు ఫ్లాపీ ఆయన దగ్గర క్షేమంగా ఉంది. ఇంట్లో కంప్యూటరుంది గానీ ఇంటర్నెట్ లేదు. కొరియర్‌కు మూడు రోజులు, దారిలో పాడైతే మళ్లీ మొదటికొస్తాం. అప్పుడాయనే ఉపాయం చెప్పారు. ఏ ఫైలుకైనా వేలిముద్ర లాంటి సంఖ్య ఒకటి తీయవచ్చు, ముప్పై రెండు అంకెలూ అక్షరాలూ. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఆయన తన ఫ్లాపీకి సంఖ్య తీసి చదివారు, ఎ.డి. గారే ఫోను పట్టుకుని ఒక్కొక్కటీ పైకి పలికారు, నేను దింపుకున్న మూడో ఫైలు సంఖ్య పక్కన టిక్కులు పెట్టాను. ముప్పై రెండూ కలిశాయి.

బుధవారం డిస్క్ మొత్తం తుడిచి, అన్నీ మళ్లీ వేశాను. గురువారం ఆమె ఇంటి నుంచి అంచు కాగితం మళ్లీ తెచ్చి, పక్కన కూర్చుని గడి గడీ చదివారు, నేను ఎక్కించాను. శుక్ర, శనివారాల్లో మూడు మగ్గాలకూ అట్టలు కొట్టాం. ఆదివారం పొద్దున ఆమె చేతికిచ్చాం. ఆరు రోజులు ఆలస్యం. మూడు మగ్గాల మీద ఆరు రోజులంటే తొమ్మిది చీరలు. వ్యానులో పన్నెండే వెళ్లాయి.

ఆలస్యానికి కారణం రాయమని పై ఆఫీసు అడిగింది. నివేదిక రాయాల్సింది నేను, సంతకం ఎ.డి. గారిది. ఆయన ఏమీ అడగలేదు. నేనే “విద్యుత్ హెచ్చుతగ్గుల వల్ల స్వల్ప అంతరాయం” అని రాశాను. స్వల్పమనేసరికి, తొమ్మిది చీరల లోటు నేసినవాళ్ల ఖాతాలో పడింది. ఆమెకు స్టాలు రాలేదు.

ఏడాది తర్వాత వేరే పనిమీద మంగళగిరి వెళ్లినప్పుడు ఆమె ఇంట్లో మగ్గం మీద షావుకారు అంచు చూశాను. నివేదికలో ఏం రాశానో అప్పుడు చెప్పాను. ఆమె నూలు పోగులు పోసే ఆసు చట్రం దగ్గర నుంచి లేవకుండానే, “ఇప్పుడైనా సరిగ్గా రాయొచ్చు గదండీ,” అన్నారు. ఆ వారమే ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. మరుసటి ఏడాది ఆమె పేరున స్టాలు వచ్చింది. ఆ ఉత్తరం నా ధైర్యమని ఎవరూ అనుకోనక్కర్లేదు. అప్పటికి ఎ.డి. గారు బదిలీ అయి వెళ్లిపోయారు.

వెళ్లేముందు ఆయన ఒకసారి, “నా ముందే చెక్ చేయాల్సింది, నేనేమైనా అనుకునేవాణ్ణా?” అన్నారు. అనుకునేవారే. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

సాఫ్ట్‌వేర్ జాగ్రత్తలన్నీ నాకు అప్పటికే వచ్చు. మూడు అపరిచిత సైట్లను మూడు రోజులు అనుమానించి, తెలిసిన మనిషి ఇచ్చిన దాన్ని మూడు క్షణాలు కూడా అనుమానించలేదు. ఫ్లాపీ దగ్గర ఒకసారి, నివేదిక దగ్గర మరోసారి, నేను కాపాడింది ఎ.డి. గారి మర్యాదను. రెండుసార్లూ నష్టపోయింది, గదిలో మొహమాటపెట్టే హోదా లేని మనిషి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నాకు ఎవరేమిచ్చినా, ఇచ్చినవారి ముందే రెండో కంప్యూటర్‌లో పెట్టి చూశాను. కొందరు నొచ్చుకున్నారు.